బాదం ఆకులో ఎర్ర దారం

నా చిన్నప్పుడు, మేము కాజీపేట రైల్వే క్వార్టర్సులో ఉండగా తమ్ముడికి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపకొమ్మలు కట్టారు. ఇంట్లో పోపు వెయ్యడం లేదు, తల దువ్వడం లేదు. జాకెట్లు కుట్టే అమ్మ, మిషను మీద పాత దుప్పటి కప్పేసి తమ్ముడి పక్కనే కూర్చుంది. అమ్మవారు ఉన్న ఇంట్లో సూది పట్టి కుడితే ఆ తల్లికి కోపమొస్తుందని, ఆ కోపం పిల్లవాడికే తగులుతుందని పక్కింటి పెద్దమ్మ గుమ్మం బయటి నుంచే చెప్పి వెళ్ళింది. నాన్న గూడ్సు బండి మీద డ్యూటీకి పోయి ఇంకా రాలేదు.

తమ్ముడు కళ్ళు తెరవడం మానేశాడు. ఆ గదిలో ఉండలేక పెరట్లోకి వెళ్ళాను. బాదం మొక్క మీద తోక నిక్కించిన చిన్న పిట్ట ఒకటి, తన ఒంటికి మించిన గొంతుతో అరుస్తోంది. రోజూ ఆకుల చాటున పురుగులు ఏరుకు తినే పిట్టే. ఆరోజు మాత్రం ఆకు అంచుకు ముక్కుతో చిల్లు పొడిచి, అందులోంచి దారం లాగుతోంది. ఎర్ర దారం. అమ్మ మిషను కింద ఊడ్చి పారేసిన దారం.

మా పెరట్లో, మా దారంతో కుట్టు! చీపురు పట్టుకుని ఉరకబోతుంటే, నా వెనకే వచ్చిన నాయనమ్మ నా రెక్క పట్టుకుంది.

"అది కుడతాంది నాయనమ్మా! ఎల్లగొట్టాలె. లేకుంటే తమ్ముడు చచ్చిపోతడు!"

నాయనమ్మ కాసేపు పిట్టనే చూసింది.

"దర్జీ పిట్ట అది. కూలికి కుడతాందా ఏంది? పిల్లలకు తొట్టె కుట్టుకుంటాంది. పిల్లల తల్లి మీద అమ్మవారికి కోపమెందుకొస్తది, పిచ్చిదానా? ఆమె గూడ తల్లే గద."

"నిజంగనా?"

"నిజమే బిడ్డా. జర ఆ చీపురు అవతల పడెయ్."

పడేశాను. నా రెక్క మీద ఆమె వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ముసలితనం అనుకున్నాను.

తమ్ముడు బతికాడు. వాడికి వేపనీళ్ళు పోసేనాటికి ఆ ఆకుల సంచిలోంచి పిల్లల కిచకిచలు వినిపిస్తున్నాయి.

ఇప్పుడు నా బిడ్డకు జ్వరం. దవాఖానలో సూది వేశారు, తగ్గుతుందన్నారు. ఇంకా తగ్గలేదు. నిద్రపోయే ముందు, "అమ్మా, నాకు తగ్గుతదా?" అని అడిగింది. "తగ్గుతది బిడ్డా," అన్నాను. నా మాట తడబడలేదు. దాని నుదుటి మీద ఉన్న చెయ్యే వణికింది.

నాయనమ్మ వేళ్ళ వణుకు ముసలితనం కాదు. తమ్ముడు బతుకుతాడో లేదో ఆమెకూ తెలియదు. తెలియకుండానే నాతో నిజమే అంది. ఆ మాట పట్టుకునే నేను ఆ రాత్రి నిద్రపోయాను.