రొయ్య పేగు చూసే మనిషితో రాజమండ్రి దాకా

"మీ బావగారి రిపోర్టులు వచ్చాయంట. డాక్టరుగారు ఎవరినైనా తోడు తెచ్చుకోమన్నారు. నువ్వు వస్తావా?" అని అక్క ఫోన్ చేసింది. తోడు తెచ్చుకోమన్నారంటేనే నాకు సగం అర్థమైంది. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రానికే విశాఖ నుంచి భీమవరంలో అక్కావాళ్లింటికి చేరాను. బావగారికి ఊరి పక్కనే రొయ్యల చెరువు ఉంది. ఏడాదిగా మలంలో రక్తం పడుతుంటే మొలలనుకుని, మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకుని మింగారు. ఇంట్లో చెప్పలేదు. మనిషి సగమయ్యాక అక్క పోరు పడలేక రాజమండ్రిలో పరీక్షలు చేయించుకున్నారు.

బయల్దేరే రోజు పొద్దున కూడా ఆయన చెరువు మానలేదు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేని నీళ్లలోంచి పైకి లాగి, రొయ్యను వెలుగుకి ఎత్తి పట్టి చూశారు. మేత సరిగ్గా తింటే వీపు పొడవునా నల్లటి గీతలా పేగు కనబడుతుంది. అది తెల్లబడితే జబ్బు. గట్టు మీద డ్రమ్ములో తవుడు, బెల్లం పులుస్తున్నాయి. ఆ పులుపు నీళ్లు పోస్తే చెరువులో మంచి బ్యాక్టీరియా పెరుగుతుందని అక్కడి రైతులందరూ చేసే పనే.

అక్క ఇంటి దగ్గరే ఉండిపోయింది, ఏడింటికి బావగారూ నేనూ కారెక్కాం. పోనూ రానూ మూడు వేలకు కుదిరింది. తణుకు మీదుగా రావులపాలెం, అక్కడ వంతెన దాటి రాజమండ్రి. మామూలుగా రెండున్నర గంటల దారి, మాకు నాలుగు గంటలు పట్టింది. పెట్రోలు బంకు కనబడిన ప్రతిచోటా బావగారు మరుగుదొడ్డికి దిగాల్సి వచ్చింది. రావులపాలెంలో డ్రైవరు సత్తిబాబు, "ఇక్కడ పెసరట్టు బాగుంటదండి, ఆపమంటారా?" అన్నాడు. "నువ్వు తినిరా బాబూ, నాకు వద్దు" అన్నారు బావగారు. నేనూ తినలేకపోయాను.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరమ్మ తొందరపడలేదు. పెద్దపేగు బొమ్మ గీసి చూపించారు. మనకు అరగని పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి షార్ట్ చెయిన్ ఫ్యాటీ యాసిడ్లు తయారు చేస్తుందని, వాటిలో బ్యూటిరేట్ అనేదే పేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారమని చెప్పారు. బావగారు ముందుకు వంగి విన్నారు.

"మా డ్రమ్ములో జరిగేదీ అలాంటిదేనండి. తవుడు పులియబెట్టి పోస్తాం" అన్నారు.

"మరి మీరేం తింటారండి?"

"బాగా పాలిష్ పట్టిన బియ్యం అండి. తవుడంతా చెరువుకే." ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇప్పటినుంచి తవుడు తింటే తగ్గుద్దాండి?" అని అడిగారు.

ఆవిడ కాగితం మీంచి తల ఎత్తారు. "లేదండి. ఇది క్యాన్సర్. కాలేయానికి కూడా పాకింది. తిండి వల్లే వచ్చిందని నేను చెప్పలేను. తిండితో పోయేది మాత్రం కాదు. వచ్చే వారం నుంచి మందులు ఎక్కిద్దాం, అవి కొంత కాలం కలిసొచ్చేలా చేస్తాయి" అన్నారు.

తిరిగి భీమవరం చేరగానే బావగారు కారును ఇంటికి కాకుండా నేరుగా చెరువుకి పోనివ్వమన్నారు. మళ్లీ ట్రే లాగారు. "రొయ్య పేగు తెల్లబడితే ఆ పూటే మేత ఆపి ల్యాబ్‌కి పట్టుకెళ్తాను శీనూ. నాకు ఏడాదిపాటు రక్తం పడితే ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది" అన్నారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. గట్టు మీద అక్క ఎదురొస్తుంటే ఆయన ట్రే నీళ్లలోకి వదిలి ఆమె వైపు నడిచారు.

ఇంతవరకు నా ప్రయాణాల్లో చూసిన ఊళ్ల గురించి రాశాను. ఈసారి దారిలో ఏ ఊరూ చూడలేదు. పీచు ఉన్న తిండి తినండి, మంచిదే. కానీ మీలో ఎవరికైనా ఈ దారిన వెళ్లే పని పడితే నా సలహా: మలంలో రక్తం కనబడితే దానికి మీరే పేరు పెట్టుకోకండి, ఆ వారమే డాక్టరు దగ్గరకు బయల్దేరండి. కారులో అవస్థ పడేకంటే మరుగుదొడ్డి ఉన్న రైలు నయం. ఇది రాయమన్నది బావగారే. "మొలలనుకున్నానని కూడా రాయి" అన్నారు.