కార్బొరేటర్‌కి ఎర్ర చుక్క

నేను పుట్టుకతో అనుమానస్తుణ్ణి కాను. మిరపకాయలు నన్నిలా చేశాయి.

నల్లపాడు దాటాక ఉన్న ఒక కోల్డ్ స్టోరేజిలో నా ఉద్యోగం. రైతులు తెచ్చిన మిరప బస్తాలను లోపల పెట్టించడం, అడిగినప్పుడు ఎవరివి వాళ్లకి అప్పగించడం నా పని. మా చల్లగదుల్లో మిరపకాయ ఏడాది పొడుగునా నిలవ ఉంటుంది గానీ, నమ్మకం ఒక్క పూట కూడా నిలవ ఉండదు. బస్తా మూతి దగ్గర పెళ్లికూతురిలా మెరిసే కాయ ఉంటుంది. మోచేతి లోతుకు పోతే తెల్లబారిన తాలుకాయ తగులుతుంది. అందుకని కొనేవాడు చెయ్యి భుజం దాకా దూరుస్తాడు. ఆ చెయ్యి బయటికొచ్చేటప్పుడు పిడికిలి మూసి ఉందా తెరిచి ఉందా అని అమ్మేవాడు చూస్తాడు. వాళ్లిద్దర్నీ నేను చూస్తాను. నన్ను మా యజమాని చూస్తాడు. ఈ గాలి పీల్చీ పీల్చీ నా బుద్ధి ఎంతకొచ్చిందంటే, ఇంట్లో పెరుగు వడ్డించుకునేటప్పుడు కూడా గరిటె అడుగుదాకా దించి చూస్తాను.

ఒకరి బస్తా ఒకరికి పోకుండా మాకొక ఉపాయం ఉంది. ప్రతి రైతు బస్తాల మీదా ఎర్ర సిరాతో అతని గుర్తు వేస్తాం. దాన్నే మార్కా అంటాం. మార్కా ఉన్న బస్తా కోసం అన్నదమ్ములు కూడా కొట్టుకోరు. లేని బస్తా కోసం దేవుళ్లు కూడా కొట్టుకుంటారు. ఈ జ్ఞానాన్ని గోతాల దగ్గరే వదిలేసి ఇంటికొచ్చి ఉంటే నాకు ఏ గొడవా ఉండేది కాదు.

గొడవంతా నా మోటార్‌సైకిల్ గురించి. అది ఎంత పాతదంటే, మా వీధి కుక్కలు దాని వెంట పడటం మానేసి తరాలయ్యాయి. పత్తి ట్రాక్టర్ల వెనక తిరిగీ తిరిగీ దాని చైనుకి ఎప్పుడూ దూది చుట్టుకుని ఉంటుంది, విప్పి వడికితే ఒక పంచె వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ నిండా కారం ధూళి. దాన్ని విప్పిన రోజు షెడ్డులోనే కాదు, ఆ పక్క టీ కొట్లోనూ తుమ్ములే. ఇన్ని ఉన్నా, దాని అసలు రోగం పొద్దున పూట స్టార్ట్ కాకపోవడం. ఇంజను చల్లగా ఉంటే ఎంత తన్నినా కదలదు. దాన్ని ఎడమ పక్కకి, పాలు తాగే పసిపిల్లని పడుకోబెట్టినంత వాలుగా వంచి, కార్బొరేటర్‌లోంచి పెట్రోలు చుక్కలు రాలేదాకా ఆగి, అప్పుడు కిక్కు కొట్టాలి. ఈ తతంగం పూర్తయ్యేసరికి మా వీధిలో ఏదో ఒక ఇంట పెళ్లి సంబంధం కుదిరి, చెడి, మళ్లీ కుదిరేది. ఒకసారి వేడెక్కిందా, ఇక సాయంత్రం దాకా ఒక్క కిక్కే.

దానికి వైద్యం చేసేవాడు రైలు గేటు దగ్గర షెడ్డులో ఉండే మెకానిక్. స్వస్థలం మార్టూరు. రాళ్లు పాలిష్ చేసే మిషన్ల పక్కన పెరిగినవాడు కాబట్టి, చెవిలో చెప్పే రహస్యం కూడా రైలు కూతని దాటి వినపడుతుంది. ఆదివారం చర్చిలో అతను పాడటం మొదలుపెడితే మైకు కట్టేస్తారని అతని భార్యే చెప్పింది. నాకంటే కాస్త చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. ఇంత పాత బండిని ముట్టుకునేవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే. మిగతా షెడ్లవాళ్లు దూరం నుంచి చూసే దండం పెడతారు. అతను పొమ్మన్న రోజున నా బండి పాత ఇనప సామానుకే. ఆ రోజు కోసం మా ఆవిడ, స్కూటీ రంగు కూడా నిర్ణయించుకుని కాచుకుని ఉంది.

అతనికి కొత్త హంగుల పిచ్చి. బండి షెడ్డులో పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి మారుద్దామంటాడు. మొదట ఎల్‌ఈడీ లైటు పెట్టాడు. ఆ వెలుగుకి పొలాల్లో కోళ్లు తెల్లారిందనుకుని కూశాయి, ఎదురొచ్చే ట్రాక్టరు డ్రైవరు రైలొస్తోందనుకుని గేటు కోసం వెతుక్కున్నాడు. తరవాత ఫోను చార్జింగు పాయింటు. తరవాత ట్యూబులెస్ టైర్లు. బండి బాగుపడుతోంది గదా అని సంతోషించాను, మా బావమరిది వచ్చేదాకా.

మా బావమరిది ఒంగోలులో ఉంటాడు. మనిషి కనపడితే చాలు, ఆ మనిషికి లేని అనుమానాన్ని అంటించి వెళ్లడం అతని సమాజసేవ. లైటు చూసి అడిగాడు:

"బావా, పాత లైటేం చేశాడు?"

"అక్కడే ఎక్కడో పెట్టుంటాడు."

"ఎక్కడో అంటే? నువ్వు చూశావా?"

చూడలేదు. అక్కడే నా గుండెలో మొదటి తాలుకాయ తగిలింది.

"పిచ్చిబావా, మా ఒంగోల్లో పాత బండ్ల సామాన్లకి జనం ఎగబడుతున్నారు. కంపెనీతో వచ్చిన కార్బొరేటర్ దొరికితే కళ్లకద్దుకుని తీసుకెళ్తున్నారు. నీ బండిది మార్చేసి, డూప్లికేటు బిగిస్తే నీకేం తెలుస్తుంది? అది పొద్దున స్టార్ట్ కాదు, రాత్రి కాదు. నీకన్నీ ఒకటే."

అతను భోంచేసి బస్సెక్కి వెళ్లిపోయాడు. అనుమానం మాత్రం మా ఇంట్లోనే దిగబడింది.

మర్నాడు బండి సర్వీసుకి ఇవ్వాలి. తెల్లారకముందే లేచి, కోల్డ్ స్టోరేజి నుంచి సీసాలో తెచ్చుకున్న ఎర్ర సిరా, ఒక చీపురుపుల్ల పట్టుకుని పెరట్లో బండి పక్కన కూర్చున్నాను. కార్బొరేటర్‌కి ఒక చుక్క. ఎయిర్ ఫిల్టరు డబ్బాకి ఒక చుక్క. హారనుకి, చైను కవరుకి, బ్రేకు ప్లేట్లకి, అందిన ప్రతి చోటా చుక్క. నేను ముగించేసరికి నా బండికి ఆటలమ్మ పోసినట్టుంది. మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి కాసేపు చూసింది.

"దసరా ఇంకా రాలేదుగా, బండికి బొట్లెందుకు?"

"నీకు తెలీదులే."

"నాకెందుకు తెలీదు. మా తమ్ముడు వచ్చి వెళ్లాడుగా."

బండి అప్పగించేటప్పుడు మెకానిక్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కార్బొరేటర్ దగ్గర ఆగి వంగి చూశాడు. నా ముఖం చూశాడు. ఏదో అడగబోయి మానేశాడు. తప్పు చేయదలచుకున్నవాడే అలా మానేస్తాడని నేను తీర్మానించుకున్నాను.

"అన్నా, ఈసారి ఆ పొద్దున్నే మొరాయించే రోగం కుదిర్చేస్తా. ఇంతకాలంగా నా పరువు తీస్తోంది. ఇక ఒక్క కిక్కే," అన్నాడు. గేటు దగ్గర ఆగిన లారీలవాళ్లు కూడా విని సంతోషించారు.

సాయంత్రం నేను వెళ్లేసరికి అతను బండి మీద ఒక చుట్టు తిరిగి వచ్చి దిగుతున్నాడు. బండి తళతళలాడుతోంది. నేను ముందు మోకాళ్ల మీద కూర్చుని కార్బొరేటర్ చూశాను. కొత్త స్టీలు గ్లాసులా మెరుస్తోంది. చుక్క లేదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా చూశాను. చుక్క లేదు. హారను, చైను కవరు, బ్రేకు ప్లేట్లు, ఎక్కడా లేదు. బండి మొత్తాన్నీ మార్చేశాడు. ఒక్క నంబరు ప్లేటుకే మొహమాటపడ్డట్టున్నాడు.

"నా గుర్తులేవి?" అన్నాను.

"ఏ గుర్తులు?"

"కార్బొరేటర్ మీద ఎర్ర చుక్క పెట్టాను. నాదైతే అది ఉండాలి."

అతను చేతిలోని స్పానరు బల్ల మీద పెట్టాడు. నెమ్మదిగా పెట్టాడు. అంత గొంతున్న మనిషి నెమ్మదిగా ఏ పని చేసినా భయమేస్తుంది.

"అవి నువ్వు పెట్టావా? నేనింకా ఆ ఫ్లయ్‌ఓవరు కింద కొత్త షెడ్డు పెట్టినవాడు పెట్టాడనుకున్నా. నాకు తెలీకుండా వాడి దగ్గర విప్పించావు, వాడు విప్పిన చోటల్లా గుర్తు పెట్టుకున్నాడు, పాపం మొహమాటానికి చెప్పలేకపోతున్నావు అనుకుని, పొద్దున్నుంచీ నోరు మూసుకుని పనిచేశా. సామానంతా పెట్రోల్లో నానేసి బ్రష్షుతో కడిగా. సిరా ఉంటుందా?"

పెట్రోలులో సిరా ఉండదు. ఈ సంగతి నాకు తట్టలేదు. గోతాలను మేం పెట్రోలుతో కడగం. కానీ మిరప వ్యాపారంలో ఇన్నాళ్లు గడిపినవాడు అంత తేలిగ్గా వెనక్కి తగ్గుతాడా?

"కడిగావు సరే. ఇది నాదేనని ఏంటి గ్యారంటీ?"

అతను రెండు చేతులూ తుడుచుకుని, బండి వైపు చూపించాడు. "కొట్టండి కిక్కు."

అండి వచ్చింది. నేను గమనించాను.

కొట్టాను. ఒక్క కిక్కు. బండి పిల్లికూనలా గుర్రుమంది. నా బతుకులో అంత బాధ పెట్టిన స్టార్టింగు ఇంకొకటి లేదు.

"చూశారా సార్?" అన్నాడు.

సార్ కూడా వచ్చేసింది. నేనిక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

"నా కార్బొరేటర్ అయితే ఒక్క కిక్కుకి స్టార్ట్ అవదు," అన్నాను.

రైలు వెళ్తున్నట్టుంది, ఏదో చప్పుడైంది. కాదు, అది టీ కొట్లో నవ్వు. అతను మాత్రం నవ్వలేదు.

"అంటే సార్, బాగుచేస్తే దొంగనీ, బాగుచెయ్యకపోతే మంచోణ్ణీ. అంతేనా?"

నేను ఇంజను ఆపేశాను.

"బండి తీసుకెళ్లండి. రేపట్నుంచి ఇక్కడికి తేవద్దు. ఇంకో ఊరే తీసుకెళ్తారో, ఫ్లయ్‌ఓవరు కిందకే తీసుకెళ్తారో మీ ఇష్టం."

ఒక్క కిక్కుకి స్టార్టయిన బండి మీద, ఊరేగింపులో తప్పిపోయిన వాడిలా ఇంటికొచ్చాను. సంగతి విన్న మా ఆవిడ ఫోనులో స్కూటీ బొమ్మలు చూసుకుంటూ కూర్చుంది. నేను కాసేపు కార్బొరేటర్ వైపు, కాసేపు మా ఆవిడ వైపు చూస్తూ గడిపాను. రెండూ నావేనా అన్న అనుమానం పీడించింది.

పొద్దున పెరట్లోకి వెళ్లి కిక్కు కొట్టాను. కదల్లేదు. మళ్లీ కొట్టాను. కదల్లేదు. చెమట పట్టేదాకా కొట్టాను. బండి కొండరాయిలా నిలబడింది. అప్పుడు వెలిగింది. నిన్న సాయంత్రం అతను ఒక చుట్టు తిరిగొచ్చాడు, ఇంజను వేడిగా ఉంది, వేడిగా ఉంటే నా బండి ఎప్పుడూ ఒక్క కిక్కే. దాన్ని ఎడమ పక్కకి వంచాను. పసిపిల్లని పడుకోబెట్టినంత వాలుగా. చుక్కలు రాలాయి. నిలబెట్టి కొట్టాను. స్టార్టయింది.

అదే రోగం. అదే వైద్యం. నా కార్బొరేటరే.

"స్టార్ట్ కాలేదని జనం ఏడుస్తారు. మీరేంటి నవ్వుతున్నారు?" అంది మా ఆవిడ వంటింటి కిటికీలోంచి.

నవ్వుతూనే రైలు గేటు దాకా వెళ్లాను. గేటు పడింది. ఆగాను. ఆగినప్పుడే ఆలోచన వచ్చింది. ఇప్పుడు నేను వెళ్లి అతనికేం చెప్పాలి? నువ్వు నిజాయితీపరుడివి, ఎందుకంటే నువ్వు చేసిన రిపేరు పనిచెయ్యలేదు అనా? దొంగ అన్నందుకే సార్ అన్నాడు. పని రాదంటే ఇంకేమంటాడో నిఘంటువులో వెతుక్కోవాలి. గూడ్సు బండి పెట్టె వెనక పెట్టెగా వెళ్తూనే ఉంది. ఎంత పొడుగున్నా చివరి పెట్టె ఒకటి ఉంటుంది గదా. గేటు లేచింది.

షెడ్డు ముందు బండి ఆపాను. అతను చూసీ చూడనట్టు ఒక చక్రంలో గాలి నొక్కి చూస్తున్నాడు.

"కార్బొరేటర్ నాదే," అన్నాను.

"ఎలా తెలిసింది సార్?"

"సౌండు బట్టి."

"నిన్న సౌండు లేదా?"

"నిన్న ట్రాఫిక్కు."

అతను లేచి వచ్చాడు. "పొద్దున ఎన్ని కిక్కులు?"

"ఒక్కటే."

నా ముఖం మీద నుంచి చూపు దించకుండా బండి ఎడమ పక్కకి వచ్చి కూర్చున్నాడు. ఇంజను మీద, ఫుట్‌రెస్టు మీద, తెల్లారేసరికి పేరుకున్న దుమ్ములో పెట్రోలు జారిన చార స్పష్టంగా ఉంది. వేలితో రాశాడు. వాసన చూశాడు. నేను రైలు పట్టాల వైపు చూశాను. ఆ సమయంలో రైలేమీ రావడం లేదు.

"వంచావా?" అన్నాడు. మొదటిసారిగా చెవిలో చెప్పినట్టు అడిగాడు.

"లేదు."

చాలాసేపు ఆ వేలు తన గుడ్డకి తుడుచుకున్నాడు.

"అయితే సరే అన్నా. టీ తాగుదాం పద."

టీ తాగాం. టీ కొట్టతను మమ్మల్ని అడిగాడు, ఆ బండి ఇప్పుడు స్టార్ట్ అవుతోందా అని. "ఒక్క కిక్కే," అన్నాం ఇద్దరం. అతను నమ్మలేదు. అది అతని అనుమానం, దాంతో మాకు పని లేదు.

బయల్దేరే ముందు అతను, "ఒక్క స్క్రూ బిగించాలి, ఉండన్నా," అని కార్బొరేటర్ దగ్గర కాసేపు గొణుక్కుంటూ కూర్చున్నాడు. బల్ల కింద పాత డబ్బాలోంచి నా పాత లైటు తీసి సీటుకి కట్టాడు.  

ఇంటికొచ్చి బండి స్టాండు వేసేటప్పుడు వంగి చూశాను. కార్బొరేటర్ అడుగున, మనిషన్నవాడికి కనపడని చోట, నీలం పెయింటు చుక్క ఒకటి ఉంది. ఇంకా ఆరలేదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా కిందా ఒకటి ఉంది. ఫ్లయ్‌ఓవరు కింద వాడి దగ్గర విప్పిస్తానేమోనని నా మీద అతని కాపలా అన్నమాట.

మా ఆవిడ వచ్చి వంగి చూసింది. "ఈ నీలం చుక్కెవరు పెట్టారు?"

"తెలీదు," అన్నాను.

ఆ ఆదివారం బండి కడిగాను. పైనంతా సబ్బునీళ్లతో రుద్దాను. కింది భాగం మాత్రం గుడ్డ కూడా తగలనివ్వలేదు.