సుగుణ గోలు కాసిన వారం

మోకాలికి ఆముదం వేడిచేసి రాసుకుంటుంటే, ఆ జిడ్డు వాసనకు ఇప్పటికీ నాకు ముందుగా గుర్తొచ్చేది మా ఫుట్‌బాల్. బనగానపల్లె ఎండకు తోలు బంతి పగిలిపోకుండా మా డ్రిల్ సార్ ఎలీషా ప్రతి శనివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డకు తలంటినంత ఓపికగా ఆముదం పట్టించి, చేతికి మిగిలిన నూనెను తన మీసాలకు రాసుకునేవాడు. బంతి ఒక్కసారి తలకు తగిలితే చాలు, ఆ వాసన సాయంత్రం దాకా జుట్టును వదిలేది కాదు.

మాది నాపరాతి గనుల ఊరు. మాలో చాలామంది నాన్నలు ఆ గనుల్లోనే బండలు తీసేవాళ్లు. చలికాలం తెల్లవారగానే శెనగ చేల గట్ల మీద పరుగెత్తుతూ, ఆకుల మీది పుల్లటి మంచును వేలితో తీసి నాకుతూ గ్రౌండుకు చేరేవాళ్లం. గ్రౌండంటే బడి వెనక గులకరాళ్లు ఏరేసిన బీడు. రెండు పక్కలా నిలువుగా పాతిన నాపబండలే మా గోల్‌పోస్టులు. మా అవ్వ తువ్వాలులో బొరుగుల ఉగ్గాని మూట కట్టిస్తూ, దారిన పోయే సార్‌ను రోజూ ఆపేది: “ఏమప్పా సారూ, ఆడపిల్లోల్లకు ఈ తన్నులాట యాడ నేర్పిస్తివప్పా?” అంటూనే ఆయన చేతిలోనూ ఇంత ఉగ్గాని పెట్టేది.

మా జట్టులో ఉన్నంత గొప్ప ఆటగత్తెలు జిల్లాలో లేరని చూసినవాళ్లంతా అనేవాళ్లు. షాహీనా ఎడమ పక్కన బంతి పట్టుకుందంటే ముగ్గురు అడ్డొచ్చినా పాదరసంలా జారిపోయేది. సుగుణ తన్నిన బంతి తగిలితే నాపబండ కంచంలా మోగేది. అయినా రెండేళ్లుగా అంతర పాఠశాలల పోటీల్లో మొదటి మ్యాచ్‌కే ఓడి ఇల్లు చేరుతున్నాం. కారణం మాకందరికీ తెలుసు. సుగుణను కాదని షాహీనాను కెప్టెన్ చేసిన రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు, ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి బంతి పోయిందీ లేదు. మిగిలినవాళ్లు కూడా రెండు పక్షాలయ్యారు. ఆ చలికాలంలో క్రిస్మస్, రంజాన్ దగ్గర దగ్గరగా వచ్చాయి. సుగుణ తెచ్చిన కజ్జికాయలు ఒక పక్షం తింటే, షాహీనా తెచ్చిన షీర్‌ఖుర్మా ఇంకో పక్షం తాగింది. వెనక డిఫెన్సులో ఆడే నేను ఏ పక్షానికీ చెందనిదాన్ని కాబట్టి రెండూ లాగించాను. ఆటలో మాత్రం నా బతుకు కష్టం. బంతి ఒకరికి అందిస్తే రెండోవాళ్లు రెండు రోజులు మొహం చాటేసేవాళ్లు.

ఈసారి కూడా ఓడితే ఆడపిల్లల జట్టు ఎత్తేస్తానని హెడ్మాస్టరు తేల్చి చెప్పాడు. పోటీలకు ఇక పది రోజులుందనగా, సార్ సుగుణను పిలిచి గోల్‌కీపర్ చేతి తొడుగులు ఇచ్చాడు.

“గోల్లు కొట్టేదాన్ని సార్ నేను! నన్ను ఆ బండల మధ్య నిలబెడతాండావా?” అంది సుగుణ.

“వారం దినాలు ఈడ నిలబడి సూడు పాపా. ఆ తర్వాత నీ ఇష్టం,” అన్నాడాయన.

మొదటి రోజు సుగుణ చేతులు కట్టుకుని నిలబడి, కావాలనే మూడు గోల్స్ వదిలేసింది. రెండో రోజు ఒక బంతి ఆపింది. మూడో రోజు, ఎప్పుడూ ముందుకే చూసి పరుగెత్తిన ఆ పిల్లకు వెనక నుంచి గ్రౌండంతా కనిపించినట్టుంది. మేం ఎక్కడెక్కడ ఖాళీలు వదులుతున్నామో, షాహీనా ఎన్నిసార్లు చెయ్యెత్తి బంతి అడిగి ఊరకే తిరిగిపోతోందో చూసింది. ఉన్నట్టుండి నా వైపు చూసి గట్టిగా అరిచింది: “పద్దా, బంతి షాహీనాకు ఇయ్యి మే! ఆ పక్క ఎవురూ లేరు!”

షాహీనా ఆగిపోయి వెనక్కి తిరిగి చూసింది. రెండేళ్ల తర్వాత సుగుణ నోట తన పేరు వినడం అదే మొదలు. నేను ఆ తత్తరలో బంతిని శెనగ చేలోకి తన్నాను.

కర్నూలులో మొదటి మ్యాచ్ బూట్లు, రంగు జెర్సీలు ఉన్న పట్నం జట్టుతో పడింది. మాలో సగం మందివి వట్టి కాళ్లు. ముందు వరసకు తిరిగొచ్చిన సుగుణను ఆ జట్టు పిల్లలిద్దరు నీడల్లా పట్టుకున్నారు. సగం ఆటకు ఒక గోలు వెనకబడ్డాం. రెండో సగంలో సుగుణ బంతితో గోలు ముందుకు దూసుకుపోయింది. పాత సుగుణైతే ఇద్దరినీ గుద్దుకుంటూ తన్నేసేదే. ఆమె తల తిప్పి కూడా చూడకుండా ఎడమ పక్కకు బంతి వదిలింది. అక్కడ షాహీనా ఉంది. గోలు! ఆఖరి నిమిషాల్లో నేను వెనక నుంచి అందించిన బంతి షాహీనా కాలికి చేరింది. తానే కొట్టగలిగేంత దగ్గరికి పోయి, ఆమె దాన్ని సుగుణకు తిరిగిచ్చింది. వల ఊగడం నేను అంత దూరం నుంచి చూశాను. మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కోసం వాళ్లిద్దరూ మళ్లీ జుట్లు పట్టుకున్నారు. సార్ పడీపడీ నవ్వి, “గ్రౌండులో కాదు గదా, కొట్టుకోండి!” అన్నాడు. ఆ తర్వాతి మ్యాచ్‌లో ఓడిపోయాం. కానీ జట్టును ఎత్తేసే మాట హెడ్మాస్టరు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ బీడు మీద బండలు కోసే ఫ్యాక్టరీ లేచింది, పగలంతా తెల్లటి దుమ్ము. సార్ పోయి చాలా ఏళ్లయింది. గట్టు దిగి పరుగెత్తుకొచ్చే ఆడపిల్లలు ఆ దారిలో కనిపించరు. మొన్న టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ నా కూతురు, “నువ్వెన్ని గోల్స్ కొట్టావమ్మా?” అని అడిగింది.

“ఒక్కటీ లేదు,” అన్నాను. అంత గర్వంగా నేనెప్పుడూ ఏ జవాబూ చెప్పలేదు.