గోడకు చెప్పిన మాట

వీధి చివరి టైలరుకు ఇరవై ఆరేళ్ల డీజిల్ కారు ఒకటి ఉండేది. దాని మీద మెకానిక్ చెయ్యి పడితే ఆయనకు ప్రాణం ఒప్పేది కాదు. "ఊరందరి కొలతలూ తీసుకునేవాణ్ణి, దీని కొలతలు ఇంకొకడికి ఇస్తానా" అనేవాడు. ఫిల్టరు మార్చినా, బెల్టు బిగించినా ఆయనే. బోల్టులు విప్పే పానాలు అందించేది భార్య. పద్నాలుగో నంబరంటే పద్నాలుగు, పదిహేడంటే పదిహేడు. పెద్దగా చదువుకోకపోయినా ఆ అంకెల దగ్గర ఆమె ఎన్నడూ తడబడలేదు.

ఆ వారం ఇద్దరికీ మాటల్లేవు.

"పొగ నీలంగా వస్తోంది. లోపల అరిగిపోయింది, అమ్మేద్దామండీ" అంది ఆమె.

"అరిగింది నీ ఓపిక" అన్నాడాయన.

అంతే, మూతులు ముడుచుకున్నారు. అలకలప్పుడు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏం కావాలన్నా గోడకు చెప్పేవారు. వినాల్సినవాళ్ళు విని, నోరు విప్పకుండా ఆ పని చేసిపెట్టేవారు.

ఆ ఉదయం ఆయన కారు బానెట్ ఎత్తి, ఆయిలు కొలపుల్ల తీసి చూశాడు. "ఇంజన్ ఆయిలు రెండు లీటర్లు తగ్గింది. ఈ ఇంట్లో మనుషులుంటే పోస్తారు" అని గోడకు చెప్పి దారాల కోసం బజారుకు వెళ్ళాడు. ఆమె రెండు లీటర్లూ పోసింది. మూత బిగించి, చుట్టూ గుడ్డతో తుడిచి, ఖాళీ డబ్బా ఇంట్లో పెట్టేసింది.

ఆయన తిరిగొచ్చేసరికి ఆమె మేడ మీద బట్టలారేస్తోంది. ఇంజను మీద చుక్కైనా లేకపోవడం చూసి, ఎవరూ ముట్టుకోలేదనుకున్నాడు. ఇంకో డబ్బా తెచ్చి వంచాడు. పైనుంచి ఆమె చూసింది. మాట గొంతుదాకా వచ్చింది. ముందు తాను పలికితే ఓడినట్టే కదా. కొలపుల్ల చూస్తాడులే, అనుకుంది. ఆయన చూడలేదు. పొద్దున చూశాడు కదా.

ఆయన సీట్లో కూర్చుని తాళం తిప్పితే ఇంజను మామూలుగానే అందుకుంది. కాసేపటికి దాని గొంతు మారింది. యాక్సిలరేటరు ఎవరూ తొక్కకుండానే వేగం పెరిగింది. వీధంతా పొగ కమ్మేసింది. ఆయన తాళం తిప్పి చేతిలోకి లాగేసుకున్నాడు. అయినా ఆగలేదు. డీజిల్ కాదు, అది లోపల ఎక్కువై పొంగిన తన ఆయిలే తాను తాగుతూ పరుగెడుతోంది.

"బాబాయ్, వదిలేసి ఇవతలికి రండి" అన్నాడు ఎదురింటి డ్రైవరు.

ఆయన వదల్లేదు. దిగి ముందుకొచ్చి, గాలి అందకపోతే ఆగుతుందని, ఇంజను గాలి పీల్చే గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టబోయాడు. అప్పుడే లోపల ఏదో విరిగింది. ఇనప ముక్క ఒకటి ఇంజను చీల్చుకుని వచ్చి ఆయన కుడిచేతిని కొట్టింది.

వేళ్ళు పోలేదు, కానీ రెండు వంగడం మానేశాయి. మెల్లగా కత్తెర పట్టడం అలవాటు చేసుకోవచ్చన్నాడు డాక్టరు. టైలరు పట్టలేదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళతోనూ ఒకటే మాట: "నేనే ఎక్కువ పోశాను. కొలత తప్పినవాడికి కత్తెరెందుకు?" దుకాణం తలుపు మూసే ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళేది.

మూడో వారం వెళ్ళలేకపోయింది.

"మీరు కొలత తప్పలేదు. నేనూ పోశాను" అంది.

"ఎంత?"

"రెండు."

"నేను పోస్తున్నప్పుడు నువ్వు మేడ మీదున్నావు."

"ఉన్నాను."

"చూశావా?"

"చూశాను."

మర్నాడు ఆయన దుకాణం తెరిచాడు. చెయ్యి ఎలా పోయిందని ఎవరైనా అడిగితే, ఇప్పుడు జవాబివ్వడు. కత్తెర బల్ల మీద పెట్టి, పక్కన గుండీలు కుడుతున్న ఆమెకేసి చూస్తాడు. ఆమె చెప్పేదాకా చూస్తూనే ఉంటాడు.