అత్త చేను విడిచిన ఊపిరి

పోయిన ఆదివారం పొద్దున నంద్యాలలో మా హాస్టల్ వార్డెన్ నన్ను గదికి పిలిచి, “మీ అత్త పోయిందంట, బ్యాగు సర్దుకో,” అంది. ఆళ్లగడ్డ దాకా బస్సులో నేను ఏడవలేదు. ఏడిస్తే పక్కావిడ ఎందుకని అడుగుతుంది, అడిగితే చెప్పాలి. నాకు చెప్పడం చేతకాదు. దాచడం బాగా వచ్చు.

అత్త జ్ఞాపకార్థం చర్చిలో పెట్టే ఆదరణ కూడికలో పంచే చిన్న పుస్తకానికి ఆమె గురించి నన్నే రాయమన్నారు. ఇంగ్లీషు మీడియం పిల్ల కదా, నాలుగు మంచి మాటలు రాస్తుందని. ఇది నాయనకు చూపించకుండా ప్రెస్సులో ఇస్తున్నాను. మీరు చదివేటప్పుడు ఆయనా చదువుతాడు.

అత్త అంటే నాయనకు అక్క. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. తన చేను నాయనకే కౌలుకిచ్చింది. బతికున్నన్నాళ్లూ మీరామెను నోటి దురుసు మనిషి అన్నారు. మొన్న పెట్టె పక్కన నిలబడి ఎంత శాంతమూర్తో అన్నారు. మీలో ఒక్కరైనా ఆమె చెప్పింది విన్నారా?

చేను దగ్గరికి రాగానే అత్త చెప్పులు విడిచేది. యూరియా సంచి చంకన పెట్టుకుని, కళింగర పుచ్చకాయల తోటలో కలుపు రాకుండా నాయన పరిచిన వెండి రంగు ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పీలికలు ఏరేది. పంట అయిపోయాక నాయన ఆ షీటు తీయించడు. ట్రాక్టరుకు రోటవేటరు తగిలించి దున్ని, మట్టిలోకి కలిపి తొక్కిస్తాడు. మీరందరూ చేసేదీ అదే. అది ముక్కలై, ఆవగింజలంతై, చివరికి కనబడకుండా పోతుంది. కనబడదు, అంతే. మట్టిలోనే ఉంటుంది.

ఒకసారి సెలవుల్లో, చదివింది అత్తకు చెప్పాను. పేడ, చొప్ప, వేళ్లు కుళ్లితే వాటి కార్బన్‌ను నేల దాచుకుంటుంది. ప్లాస్టిక్ ముక్కలు మట్టి గడ్డలను విడగొడితే సూక్ష్మజీవులు ఆ దాచుకున్నదాన్ని తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి వదిలేస్తాయి. ఆ వాయువే భూమిని వేడెక్కిస్తుంది. అన్ని నేలల్లో ఒకేలా జరగదని కూడా చెప్పాను.

“అట్లయితే మన నేలనే అడుగుదాం పా,” అంది.

ఆకు వక్కలోకి పెట్టుకున్న సున్నాన్నే నీళ్లలో కలిపి, పైకి తేరిన తేటను రెండు స్టీలు గిన్నెల్లో పోసింది. ఒకటి షీటు తొక్కించిన చోట, ఒకటి ఎప్పుడూ షీటు పరవని గట్టు వైపు. రెండిటి మీదా బకెట్లు బోర్లించి, అంచులకు బురద మెత్తాం. నేల వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు తేట పాలలా మారుతుంది, ఎంత ఎక్కువ వదిలితే అంత త్వరగా. షీటు వైపుదే ముందు మారింది. నేను ఎగిరి గంతేశాను.

“ఎగిరింది చాల్లేమ్మే. ఒక్కసారి చూసి చెప్పేది సాక్ష్యం కాదు,” అంది. ఇంకోసారి చేశాం. మళ్లీ అదే.

అప్పుడు నాయనను పిలిచింది.

“ఏందక్కా, నేలకు ముక్కుంటాదా ఊపిరిడిచేదానికి?” అని నవ్వాడు నాయన.

“నీకుండాది గదరా, ఏం లాభం? గాలి పీల్చి వట్టి మాటలిడుస్తాండావు. రేపు నలుగుర్ని పిల్చుకోని రా. షీటు దిక్కుది ముందు తెల్లబడితే ఉన్నదంతా ఏరిస్తావు. లేదంటే నేను నోరు మూసుకుంటా.”

“సరే పో.”

ఇంటికి వస్తూ దారిలో నాయన నాతో ఒక్క మాటే అన్నాడు. “ఆ బకెట్ల పిచ్చి నీకూ అంటుకుంటే నంద్యాల సదువు సాలు. ఇంట్లో ఉందువు.”

మరుసటి రోజు గట్టు మీద మీలో కొందరున్నారు. మోకాళ్ల నొప్పితో అత్త కూర్చునే ఉంది. బకెట్లు ఎత్తి గిన్నెలు తెచ్చింది నేనే. రెండూ ఒకేలాంటివి. ఒకటి పాలలా ఉంది, ఒకటి తేటగా ఉంది.

“ఏది యాడిదే?” అన్నాడు నాయన.

ఆయన మొహం చూశాను. పాలలా ఉన్నది గట్టు వైపుదని చెప్పాను.

మీరు పగలబడి నవ్వారు. “టీచరమ్మా, నీ నేలే పొగ ఇడుస్తాండాది!” అని ఒకాయన అన్నాడు. ఆయనెవరో ఆయనకు తెలుసు. రెండుసార్లు తన కళ్లతో చూసిన అత్త నావైపు చూసింది. చాలాసేపేం కాదు. “పాప చూసింది, పాప చెప్పింది,” అని గిన్నెలు వంపేసి, చీర దులుపుకుని లేచింది.

ఆ రోజే రోటవేటరు దిగింది. అత్త మాట ఇచ్చినట్టే నోరు మూసుకుంది. నా మీద కోపం కూడా పడలేదు. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా, “తిన్యావా?” అనేది, కంచం పెట్టేది. తిట్టి ఉంటే బాగుండేది. అందరినీ తిట్టే మనిషి నన్నొక్కదాన్నే వదిలేసింది.

ఇప్పుడు షెడ్డులో కొత్త షీటు చుట్టలు దిగాయి. పాతది ఏరకుండానే వచ్చే వారం పరుస్తారు. అందుకే రాస్తున్నాను. నాయనా, పాలలా మారింది షీటు వైపుది. అబద్ధం చెప్పింది నేను. చదువు మాన్పిస్తే మాన్పించు. ముందు ఆ షీటు ఏరించు.

మొన్న, అత్త కోరినట్టే ఆ చేని మూలలో ఆమెను పూడ్చాం. గుంతలోంచి తీసిన మట్టి ఎండకు అక్కడక్కడా తళుక్కుమంది. ఒక్కొక్కరూ గుప్పెడు వేసి పక్కకు జరిగారు. నాయన వంతు వచ్చింది. మట్టి తీసుకుని వెయ్యకుండా నిలబడిపోయాడు. గుప్పిట విప్పి, బొటనవేలితో కెలికి, వెండి రంగు ముక్కల్ని ఒక్కొక్కటే ఏరాడు. వెనకున్న వాళ్లు కాళ్లు మార్చుకుంటున్నారు. పాస్టరు గారు పాట పొడిగించారు. ఏరినవన్నీ చొక్కా జేబులో వేసుకుని, అరచేతిలో మిగిలిన మట్టిని అక్క మీద మెల్లగా జార్చాడు.