నాకంటే ముందు పదకొండు మంది

ఎమ్మిగనూరులో నా గది గోడకు ఆనుకునే పక్కింటి మగ్గం. పొద్దున పళ్లు తోముకునే వేళకు మొదలయ్యే ఆ టకటకే నాకు తోడు. ఒంటి మనిషిని, ఇంట్లో నోరు విప్పే పనుండదు. ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి, మగ్గం అక్క గడపలో కూర్చుని ఉండేది. భర్త పోయాక ఒక్కతే నేసుకుంటున్న మనిషి. వీధిలో అందరికీ నేను సారును, ఆమెకు మాత్రం అప్పను. "ఏమప్పా, ఈ పొద్దు పిల్లోళ్లకు ఏం సెప్పినావు?" అని అడిగేది. నన్ను ఆ మాట అడిగే మనిషి ఇంకొకరు లేరు.

నేను చెప్పేదల్లా ప్రపంచం మునిగిన కథలే. పూలగడ్డలకు ఇళ్ల ధర పెట్టిన డచ్చివాళ్లు, బ్యాంకుల ముందు బారులు తీరిన అమెరికావాళ్లు, ఇళ్ల అప్పులను మూటగట్టి అమ్మి చివరికి వాటి కిందే పడ్డ కంపెనీలు. ఆ పాఠమంటే నాకు భలే హుషారు. "బ్యాంకు మన డబ్బు గల్లాపెట్టెలో దాచదు, అప్పులిస్తుంది. అందరూ ఒకే రోజు వచ్చి అడిగితే మంచి బ్యాంకైనా పడుతుంది. పరుగెత్తేవాడే పడగొట్టేవాడు" అని బల్ల గుద్దేవాణ్ణి. డిపాజిట్లకు బీమా పెట్టాకే జనానికి నిమ్మళం చిక్కిందని ముగించేవాణ్ణి.

ఇన్ని శ్రీరంగనీతులు చెప్పే నేనే నూటికి అర్ధరూపాయి వడ్డీ ఎక్కువని, ఏ బీమా లేని ఆదోనిలోని ఒక చిన్న ఫైనాన్సులో దాచుకున్నాను. అక్కను అందులో చేర్పించిందీ నేనే, ఆమెను చూసి మా వీధిలో ఇంకొందరు చేరారు. ఆమెది గుంత మగ్గం, కాళ్లు గుంతలోకి దించి నేయాలి. వానాకాలం అందులో నీరు ఊరి మోకాళ్లు పట్టేస్తాయి. నేల మీద నిలబెట్టే మగ్గం కొనుక్కోవాలని ఆమె కూడబెడుతోంది.

పోయినేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో గుసగుసలు మొదలయ్యాయి. ఆ ఫైనాన్సు యజమాని ఊళ్లో లేడట. నేను నవ్వి, పుకార్ల మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. బెల్లు కొట్టగానే గొడుగు తీసుకుని నేరుగా ఆ ఆఫీసుకే పోయాను. అప్పటికే బారు. నాకంటే ముందు పదకొండు మంది, లెక్కపెట్టాను.

ఫోను మోగింది. అక్క.

"అప్పా, ఆడ ఏందో అంటాండారంట గదా? బస్సెక్కి వచ్చేదా?"

ఆమె కదిలితే మగ్గాల వీధంతా కదులుతుంది. గోల పెరిగితే నా వంతు రాకముందే షట్టరు దించేస్తారు. నా చదువంతా ఆ నిమిషంలో అంతవరకే పనికొచ్చింది.

"ఏం లేదక్కా, నిమ్మళంగా ఉండు" అన్నాను.

"నువ్వు సెప్పినావంటే సాలప్పా" అని పెట్టేసింది.

నా డబ్బు నా చేతికొచ్చింది. పొద్దుగూకేసరికి షట్టరు పడింది. ఇంతవరకు లేవలేదు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. "నీదీ పాయె గదప్పా, ఇద్దరమూ మునిగితిమి" అని జొన్నరొట్టె, చెనక్కాయల పొడి తెచ్చి పెట్టింది. అవుననలేదు, కాదనలేదు, తిన్నాను. నెలల తరబడి తిన్నాను. "ముందుగా తీసుకున్నోళ్లే మనల్ని ముంచినారు" అని ఆమె అన్న రోజు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఇద్దరిదీ ఒకే కష్టమనుకుని ఆమె దగ్గరయ్యేకొద్దీ నాకు దిగులు పెరిగింది. రొట్టె తెచ్చే మనిషి ఎదురుగా ఉండగా అంత ఒంటరితనం ఉంటుందని నాకు తెలీదు.

ఈ ఏడు మళ్లీ వానలు పడ్డాయి. ఒక పొద్దున మగ్గం చప్పుడు రాలేదు. గోడ అవతల నీళ్లు తోడి పారబోస్తున్న చప్పుడు వినిపించింది. ఆ రోజు కాలేజీకి పోలేదు. ఆ రోజు తెచ్చుకున్న డబ్బుతో బీరువాలో అలాగే పడున్న కవరు తీసుకుపోయి ఆమె ముందు పెట్టి, జరిగింది చెప్పాను.

చెంబు చేతిలో పట్టుకునే వినింది.

"నేను ఫోను సేసినప్పుడు యాడుంటివి?"

"ఆ లైన్లోనే ఉన్నానక్కా."

"నీ ముందర ఎంతమంది?"

"పదకొండు మంది."

"గంటలో వచ్చేదాన్ని గదా" అంది. కవరు నావైపు జరిపింది. "నాది నాకు రావాల. నీది నాకెందుకు?"

తిరిగి తెచ్చుకున్నాను. మరుసటి రోజు గుంత ఆరకముందే మగ్గం మొదలైంది. సాయంత్రం బస్సు దిగి వస్తే ఆమె ఎప్పటిలాగే గడపలో ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"వచ్చినారా సార్" అంది.