తెర పోయిన కెమెరా

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం హిల్కా మా కొట్టుకు వచ్చింది. మెడలో మంచుమేకుల తాడు వేలాడుతోంది. గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్ళేవాళ్ళందరూ వేసుకుంటారు, మంచు విరిగితే అంచుకు గుచ్చి పైకి పాకడానికి. వాటితో కొట్లోకి వచ్చేవాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచిన చేతులు ఆమెవి. నా గాజుబల్ల మీద ఉన్న గుడ్డను కూడా నాలుగు మడతలు పెట్టింది.

"చిన్న కెమెరా కావాలి. నలభై యూరోలు దాటకూడదు."

మాది పాత సామాన్ల కొట్టు. హీటరు పక్కన కూర్చుని రోజూ నా కాఫీ తాగే ఒస్మో తలెత్తాడు.

"ఈ రోజుల్లో కెమెరా కొనేది నువ్వూ, మ్యూజియం వాళ్ళూ. ఫోన్ లేదా హిల్కా?"

"ఉంది. మ్యూజియం వాళ్ళు ఫోన్ చేసి నిన్ను అడుగుతున్నారు. వెళ్ళు."

నేను వెండిరంగు కెమెరా తీసి చూపించాను. దూరంగా ఉన్నవి కూడా దగ్గరగా వస్తాయన్నాను. ఆమె అవేవీ వినలేదు.

"నొక్కాక ఏమవుతుంది?"

"తీసిన ఫోటో తెర మీద రెండు సెకన్లు నిలుస్తుంది. బాగా వచ్చిందో లేదో చూసుకోవచ్చు."

"అయితే వద్దు."

"అలా నిలవకుండా ఆపెయ్యొచ్చు."

"ఆపినా మళ్ళీ తెరిచి చూసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు."

తెరతో పని లేకుండా, పైన కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ ఉన్నది ఇంకొకటి ఇచ్చాను. కన్ను ఆనించి, వెంటనే దించేసింది. "రెండో కన్ను మూసుకోవాలి."

"ఇంతకీ ఎవర్ని తీస్తారు?"

"మనవరాలిని. సీరి. తొమ్మిదేళ్ళది. మార్చిలో సరస్సు మంచు మీద పిల్లలు చేపలు పట్టే పోటీ. వాళ్ళమ్మకి ఆ రోజు డ్యూటీ. ఫోటోలు తీస్తానని మాటిచ్చేశాను." మెడలో తాడు పట్టుకుని అంది, "తౌనో పోయిందీ అక్కడే."

ఒస్మో కాఫీ కలపడం ఆపాడు. తౌనో ఆమె భర్త. పదకొండేళ్ళ కిందట మంచు విరిగి మునిగిపోయాడని ఊరందరికీ తెలుసు. అంతకుమించి ఎవరికీ తెలీదు.

"ఈ మేకులు ఆయనవే. మెడలో ఉంటే ఫోటో బాగుండదని నేనే తియ్యమన్నాను. తీసి నా మెడలో వేశాడు. మొహం మీద ఎండ పడాలని ఇరవై అడుగులు వెనక్కి నడిచాడు. నొక్కాను. ఎలా వచ్చిందోనని తెర చూశాను. తలెత్తితే లేడు. ఏప్రిల్‌లో మెత్తబడ్డ మంచు చప్పుడు చెయ్యదు."

"ఎంతసేపు చూశారు?" అడిగాక, అడగకుండా ఉండాల్సింది అనుకున్నాను.

"ఫోటో బాగా వచ్చింది. అందుకని ఇంకాస్త చూశాను."

బల్ల కింద విడిభాగాల కోసం ఉంచిన పెట్టె ఉంది. అందులోంచి ఒక నల్లటి కెమెరా తీశాను. తెర పగిలి, పూర్తిగా చీకటి. మిగతా అంతా పనిచేస్తుంది.

"దీన్లో ఏం పడుతోందో కనబడదు. తీశాక కూడా కనబడదు. ఐదు యూరోలు."

ఆమె దాన్ని గుండెకు ఆనించి పట్టుకుంది. రెండు కళ్ళతో ఒస్మోని చూస్తూ నొక్కింది.

"నవ్వమని చెప్పొద్దూ?" అన్నాడు ఒస్మో.

"నువ్వు నవ్వితే నాకు కనబడుతుందిలే."

పోటీ అయ్యాక వచ్చిన సోమవారం హిల్కా సీరిని వెంటబెట్టుకుని వచ్చి, కెమెరా నా ముందు పెట్టింది. కంప్యూటర్లో వేసి చూస్తే అరవై రెండు ఫోటోలు. మొదటిది ఒస్మో పొట్ట. తర్వాత ఆకాశం, సగం టోపీ, మంచు, చేతితొడుగులో ఒక చేప, మళ్ళీ ఆకాశం. పిల్ల మెడ కనబడ్డ ప్రతి ఫోటోలోనూ మేకులు ఉన్నాయి.

"మామ్మా, నా చేప ఫోటోలో పడిందా?" తలుపు దగ్గర నుంచి సీరి అరిచింది. ఒస్మో టోపీ కళ్ళదాకా దించి పెట్టుకుని ఉంది.

"కొట్టాయన చూస్తున్నాడు. నువ్వక్కడే ఉండు."

హిల్కా నా కంప్యూటరు వైపు రాలేదు. బల్లకు వీపు ఆనించి తలుపు వైపు నిలబడింది.

"సీరి అన్నిట్లో ఉందా?"

"సగం సగం ఉంది."

"చివరి దాన్లో?"

చివరిది తెరిచాను. అవతలి గట్టు దాకా తెల్లటి మంచు. ఎవరూ లేరు. ఏ మూలనైనా చెయ్యో టోపీయో ఉంటుందేమోనని, అవసరమైన దానికంటే ఎక్కువసేపు చూశాను.

"లేదు," అన్నాను.

హిల్కా తల తిప్పలేదు.

"ఇక్కడుంది," అంది.